వడగట్టిన నీళ్ళ ఇజ్జత్

నా చిన్నప్పుడు మా ఊళ్ళో వానకాలం వస్తున్న సంగతి మబ్బుల కంటే ముందు మనుషుల కాళ్ళలో తెలిసేది. ఏరువాక దగ్గరపడుతుండగా ఒకరి మడమ దగ్గర, ఇంకొకరి పిక్క మీద నిప్పురవ్వ పడ్డట్టు బొబ్బ లేచేది. కొద్దిరోజులకు అది పగిలి, తెల్లటి దారం కొస లాంటిది బయటికి తొంగిచూసేది. దాన్ని నారికురుపు అనేవాళ్ళం. దారంలా కనిపించేది నిజానికి పురుగు. గట్టిగా లాగితే తెగేది. తెగిందంటే కాలంతా చీము పట్టి నెలల తరబడి నేల మీద ఆనేది కాదు. అందుకని చీపురుపుల్లకు దాని కొస చుట్టి, రోజుకు కాస్త కాస్త బయటికి తీస్తూ మంచంలో కూర్చునేవాళ్ళు. నాగలి పట్టాల్సిన చేతులు సరిగ్గా నాగలి పట్టే వేళకే చీపురుపుల్ల పట్టుకునేవి.

మాది పెబ్బేరు నుంచి అమరచింత పోయే దారికి ఎడంగా ఉన్న చిన్న ఊరు. ఎర్రనేలలు, గుట్టలు, వాన మీద ఆధారపడ్డ చేలు. ఊరంతటికీ తాగడానికి ఒకటే మెట్లబావి. ఎండాకాలం వచ్చేసరికి నీళ్ళు అడుగుకు చేరేవి. ఆడవాళ్ళు చిట్టచివరి మెట్టు దాకా దిగి, మోకాలి లోతు నీళ్ళలో నిలబడి బిందెలు ముంచుకునేవాళ్ళు. కాలిలో పురుగు ఉన్నవాళ్ళు కూడా ఆ నీళ్ళలోకే దిగేవాళ్ళు. మంటగా ఉన్న కాలికి చల్లటి నీళ్ళు తగిలితే ప్రాణం లేచి వచ్చినట్టు ఉండేదట. ఆ క్షణంలోనే పురుగు తన పిల్లలను నీళ్ళలోకి వదులుతుందనీ, కంటికి నలుసులా కనిపించే నీటిజీవులు వాటిని మింగుతాయనీ, ఆ నీళ్ళు తాగినవాడి ఒంట్లో అది ఏడాది పాటు చప్పుడు లేకుండా పెరిగి మళ్ళీ కాలి నుంచే బయటపడుతుందనీ నేను చాలా ఏళ్ళ తర్వాత వనపర్తి గ్రంథాలయంలో చదివి తెలుసుకున్నాను. అప్పుడు మాత్రం అది మా తలరాత అనుకునేవాళ్ళం.

మా నాయనకు సొంత భూమి లేదు. ఊళ్ళో ఒక పెద్దాయన చేను కౌలుకు చేసేవాడు. నాకు పదేళ్ళు రాకముందు ఒక ఏడాది సరిగ్గా ఏరువాకకు నాయన కాలిలో పురుగు లేచింది. చేను సగం బీడుపడింది. అమ్మ కూలికి పోవాల్సి వచ్చింది. ఇంటిపనికీ, మేకల వెంటకూ మనిషి కావాలి కాబట్టి నన్ను బడి మాన్పించారు. నాయన కాలు బాగై మళ్ళీ నాగలి పడితే పంపుతామన్నారు. నా పలక అటక మీదికి పోయింది. నేను పలకను కాకుండా నాయన కాలినే రోజూ చూసుకుంటూ ఉండేదాన్ని.

ఆ మరుసటి ఎండాకాలం మొదట్లో మా ఊరికి నర్సమ్మ రావడం మొదలుపెట్టింది. సర్కారు దవాఖాన నర్సు కాబట్టి అందరం అలాగే పిలిచేవాళ్ళం; పెబ్బేరులో ఉండే ముస్లిం ఇంటి అమ్మాయి. పెళ్ళై ఎక్కువ కాలం కాలేదు. తెల్లచీర మీద తలకు కొంగు కప్పుకొని, భుజానికి సంచీ వేసుకొని, బస్సు దిగిన దగ్గర నుంచి ఎర్రటెండలో నడిచి వచ్చేది. ఆమె వస్తోందంటే పిల్లలం సూదులకు భయపడి గడ్డివాముల వెనక దాక్కునేవాళ్ళం. ఆమె సూదులు తీయకుండా సంచీలో నుంచి తెల్లటి బట్టముక్కలు తీసి ఇంటింటికీ పంచింది. నీళ్ళను ఈ బట్టతో వడగట్టి తాగండి, నారికురుపు మీ గడప తొక్కదు అని చెప్పింది. బట్ట చిక్కగా నేసింది, గట్టిది, మెత్తనిది. అందరూ సంతోషంగా తీసుకున్నారు.

తర్వాతి వారం ఆమె వచ్చి చూస్తే ఆ బట్టలన్నీ చేలలో కనిపించాయి. జొన్నరొట్టెలు మూటగట్టుకోవడానికి అంత బాగా పనికొచ్చే బట్ట మా ఊళ్ళో అంతకుముందు లేదు మరి. నర్సమ్మ మా పొలం గట్టు మీద నిలబడి, మా పక్కింటి పెద్దమ్మ చేతిలోని మూటను చూసి నవ్వాలో ఏడవాలో తెలియనట్టు ముఖం పెట్టింది.

"ఏంది పెద్దమ్మా, నీళ్ళకిస్తే రొట్టెలకు గట్టినవ్?"

"రొట్టె మెత్తగుంటున్నది బిడ్డా. సర్కారు మంచి పని జేసింది. ఇంకోటుంటే ఇయ్యి, పచ్చడికి గడ్త" అంది పెద్దమ్మ.

ఆ పెద్దమ్మ మా ఊళ్ళో మాటకు మాట అప్పజెప్పడంలో దిట్ట. మా నాయన తల్లి, మా అవ్వకూ ఆమెకూ ఏ విషయంలోనైనా పోటీయే. ఒకరు వాకిట్లో కల్లాపి చల్లితే ఇంకొకరు అలుకు కూడా పెట్టేవాళ్ళు.

నర్సమ్మ వదిలిపెట్టలేదు. ఒకరోజు గాజుగ్లాసు తెచ్చి, బావినీళ్ళు ముంచి, ఎండకు ఎత్తి పట్టి అందరికీ చూపించింది. నీళ్ళలో తెల్లటి నలుసులు టుక్కు టుక్కుమని ఎగిరాయి. చూసినవాళ్ళందరూ ఆశ్చర్యపోయారు. ఇక జనం మారతారని ఆమె అనుకొని ఉంటుంది. కానీ మా వీధి ముసలివాళ్ళు కాసేపు తర్జనభర్జన పడి, నీళ్ళలో పానం, అంటే ప్రాణం, ఉందని తేల్చారు. చచ్చిన నీళ్ళు తాగితే ఒంటికి బలం ఎట్ల వస్తుంది, మన బావి నీళ్ళు పానంతో ఉన్నయి కాబట్టే మనం గింత గట్టిగున్నం అని ఒక తాత తీర్పు చెప్పాడు. ఆ రోజు నుంచి ఒకరిద్దరు వడగట్టేవాళ్ళు కూడా మానేశారు. నీళ్ళ పానం తీయడం పాపమన్నారు. నర్సమ్మ గ్లాసు సంచీలో పెట్టుకొని, కొంగుతో ముఖం తుడుచుకొని, వెళ్ళిపోయింది. ఆ ముఖం చూసి ఇక రాదనుకున్నాను. వచ్చింది.

అది రంజాన్ నెల. ఆమె ఒక్కపొద్దుతోనే ఊళ్ళు తిరిగేది. ఒకరోజు సాయంత్రం బస్సు రాలేదు. పొద్దు గుంకే వేళకు తిరిగి ఊళ్ళోకి వచ్చి మా అరుగు మీద కూర్చుంది. పెదవులు ఎండి పగిలిపోయి ఉన్నాయి. మా అవ్వకు ఒక్కపొద్దు ఉన్నవాళ్ళంటే, ఏ దేవుడికి ఉన్నా సరే, మహా గౌరవం. చింతపండుతో తళతళలాడేట్టు తోమిన ఇత్తడిచెంబు నిండా నీళ్ళు తెచ్చి రెండు చేతులతో అందించింది.

నర్సమ్మ చెంబు అందుకుంది. ఒక చెయ్యి తెలియకుండానే సంచీలోకి పోయి బట్టముక్క కొస బయటికి లాగింది. అంతే, మా అవ్వ ముఖం మారిపోయింది.

"ఏంది బిడ్డా గది? నా ఇంటి నీళ్ళు గంత పాడున్నయా? నలుగురు జూస్తుంటే నా చెంబు మీద గుడ్డేస్తవా?"

"గట్ల గాదవ్వా..."

"ఎట్లయితేంది. చుట్టం ముంగట నీళ్ళు వడగడితే ఆ ఇంటికి ఇజ్జత్ ఉంటదా? నా కోడండ్లకు గదే జెప్పిన. ఇంట్ల ఎవరు లేనప్పుడు గట్టుకోరి గాని, వచ్చినోళ్ళ ముంగట మాత్రం బట్ట బయటికి తీయొద్దన్న."

నర్సమ్మ బట్ట కొసను మళ్ళీ సంచీలోకి తోసింది. మా ఊళ్ళో ఆ బట్ట రొట్టెలమూట ఎందుకైందో ఆమెకు ఆ నిమిషంలో అర్థమై ఉంటుంది. మా దగ్గర ఇంటికి వచ్చినవాళ్ళకు ముందు చెంబుతో నీళ్ళివ్వడమే మర్యాద. ఆ నీళ్ళను వాళ్ళ ఎదుట వడగట్టడమంటే మా నీళ్ళు మురికివని మేమే చాటుకున్నట్టు. వచ్చినవాళ్ళే వడగట్టుకుంటే మా ముఖం మీద ఉమ్మినట్టు. పల్లెటూళ్ళో ఇంటికి ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు. అలాంటప్పుడు బట్ట బయటికి వచ్చేదెప్పుడు?

ఊళ్ళో మసీదు లేదు, ఒక్కపొద్దు విడిచే వేళ చెప్పే బాంగు వినపడదు. ఆమె ఆకాశం వంక చూసి, సంచీలో నుంచి ఖర్జూరపండు తీసి నోట్లో వేసుకుంది. చెంబు ఇంకా చేతిలోనే ఉంది. దాహంతో ఆమె గొంతు కదలడం నాకు కనిపిస్తోంది. తాగితే పురుగు, వడగడితే అవమానం.

ఆమె చెంబును మెల్లగా అరుగు మీద పెట్టి, "అవ్వా, పొద్దుమాపు తిరిగి తల పగులుతున్నది. జర చాయ పెడ్తవా?" అని అడిగింది.

చాయ అడిగిన చుట్టం మీద ఎవరూ కోపం ఉంచుకోలేరు. అవ్వ సణుక్కుంటూనే పొయ్యి రాజేసింది. బెల్లం వేసి, నీళ్ళు తెర్లించి, ఆకు వేసి, మేకపాలు పోసింది. తర్వాత గూట్లో నుంచి చాయబట్ట తీసి, నర్సమ్మ ఎదుటనే గిన్నె మీద పరిచి, దర్జాగా వడగట్టి, ఇత్తడిగ్లాసులో పోసి అందించింది.

నర్సమ్మ గ్లాసు అందుకొని ఆ బట్టనే చూస్తూ కూర్చుంది. కాసేపటికి నవ్వడం మొదలుపెట్టింది. చాయ ఒలికేంతగా నవ్వింది.

"ఎందుకు నవ్వుతున్నవే పిల్లా, బెల్లం ఎక్కువైందా?"

"లేదవ్వా, మంచిగున్నది. మరి చాయను నా ముంగట వడగట్టినవ్ కదా, నీ ఇజ్జత్ పోలేదా?"

"చాయ వడగట్టకుంటే ఎట్ల? చుట్టానికి ఆకు, పిప్పి తాపిస్తరా? గట్లిస్తే పోతది ఇజ్జత్."

అని అన్నాక అవ్వ నోరు అలాగే తెరుచుకొని ఉండిపోయింది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పొయ్యి పక్కన కూర్చున్న నాకు ఏదో జరిగిందని తెలిసింది గానీ ఏం జరిగిందో తెలియలేదు. అవ్వ అరుగు మీది చెంబును లోపలికి తీసుకుపోయింది. మళ్ళీ తెచ్చినప్పుడు చెంబు అంచున తెల్లటి నూలుపోగు ఒకటి అంటుకొని ఉంది. లోపల వడగట్టిందా అని నర్సమ్మ అడగలేదు, అవ్వ చెప్పలేదు. ఆమె గడగడా తాగేసింది.

ఆ రాత్రి ఆమె మా ఇంట్లోనే పడుకుంది. తెల్లవారి పోయేటప్పుడు గడప దగ్గర నిలబడి మా అవ్వ చెవిలో ఏదో చెప్పింది. అవ్వ మొదట వద్దన్నట్టు తల ఊపింది. తర్వాత పక్కింటి పెద్దమ్మ గుమ్మం వైపు ఓరకంట చూసింది. ఆ తర్వాత సరేనంది.

ఆ వారంలోనే శ్రీరామనవమి వచ్చింది. మా ఊళ్ళో ఆ రోజు హనుమంతుడి గుడి ముందు పందిరి వేసి పానకం పోసేవాళ్ళు. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి చుట్టాలు దిగేవాళ్ళు. పానకం కుండల పెత్తనం ప్రతి ఏడాదీ మా అవ్వదే. బెల్లంలో ఇసుక ఉంటుంది కాబట్టి పానకాన్ని కొత్తబట్టతో వడగట్టి పోయడం ఎప్పటి నుంచో ఉన్నదే. దాన్ని ఎవరూ అవమానం అనుకోలేదు.

ఆ ఏడు పానకం కుండల పక్కన ఇంకో కొత్తకుండ పెట్టించింది అవ్వ. దాని మూతికి తెల్లటి కొత్తబట్ట బిగించి కట్టి, చుట్టూ పసుపుదారం చుట్టింది. తీపి తాగినవాళ్ళు ఎలాగూ మంచినీళ్ళు అడుగుతారు. అడిగినప్పుడల్లా అందరూ చూస్తుండగా బిందెతో నీళ్ళను ఆ బట్ట మీద పోసి, కింద దిగిన నీళ్ళను చెంబుతో ముంచి ఇచ్చింది. నన్ను పక్కన నిలబెట్టుకొని చెంబులు నా చేతుల మీదుగా ఇప్పించింది. నర్సమ్మ ఎదురుగా వేపచెట్టు నీడలో కూర్చొని ఉంది. తాగడానికి లేదు, తినడానికి లేదు, చూస్తూ ఉంది.

పక్కూరి పెద్దమనిషి ఒకాయన చెంబు అందుకోబోయి ఆగాడు. "ఏందవ్వా, నీళ్ళు గూడ వడగడుతున్నరు? మీ బాయి పాడైందా ఏంది?"

పందిరి కింద ఉన్నవాళ్ళందరూ ఇటు తిరిగారు. పెద్దమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకొని నవ్వడానికి సిద్ధంగా ఉంది.

అవ్వ నడుము నిటారుగా చేసి, ఊరంతా వినేట్టు అంది. "బాయికేమైంది బాబూ, బంగారమోలె ఉన్నది. మా ఊర్ల చుట్టాలకు ఉత్తనీళ్ళు ఇయ్యం. చాయ వడగట్టి ఇస్తం, పానకం వడగట్టి ఇస్తం. నీళ్ళు మాత్రం ఏం పాపం జేసినయ్? మీ ఊర్ల గట్లనే ఇస్తరా ఏంది, బాయిల ముంచింది ముంచినట్టు?"

ఆ పెద్దమనిషి గొంతు సవరించుకున్నాడు. తమ ఊళ్ళో ముంచింది ముంచినట్టే ఇస్తారని చెప్పడానికి ఆయనకు మనసొప్పలేదు. "మా దిక్కు గూడ... పెద్దిండ్లల్ల..." అని ఏదో నసిగి, చెంబు అందుకొని తాగి, "సల్లగున్నయ్" అన్నాడు. ఆ తర్వాత వచ్చినవాళ్ళు ఉత్తనీళ్ళు ముట్టలేదు. ఆ కుండ దగ్గరికే వచ్చారు. వేపచెట్టు కింద నర్సమ్మ ముఖం చూశాను. అంత ఎండలో, అంత దాహంలో ఉన్న మనిషి అంత నిండుగా నవ్వడం నేను అంతవరకూ చూడలేదు.

మరునాడు పొద్దున్నే పెద్దమ్మ తమ్ముడు చుట్టపుచూపుగా వచ్చి ఆమె అరుగు మీద కూర్చున్నాడు. పెద్దమ్మ బిందె, కుండ, బట్ట అన్నీ వాకిట్లోకి తెచ్చుకొని, మా ఇంటివైపు ఒక చూపు చూసి, నీళ్ళు వడగట్టింది. ఆమె కట్టిన బట్టకు ఎర్రదారంతో అంచు కుట్టి ఉంది. రాత్రికి రాత్రి ఎప్పుడు కుట్టిందో! మా అవ్వ పళ్ళు కొరుక్కొని ఆ మధ్యాహ్నమే మా బట్టకు పచ్చదారంతో అంచు కుట్టించింది. ఆ తర్వాత ఊళ్ళో బట్టలు ఒక్కొక్కటిగా రొట్టెలను వదిలి కుండల మూతులకు ఎక్కాయి. కొత్తబట్ట కావాలని నర్సమ్మకు ఎదురుపోయి అడిగారు. పిల్లల్లో ఎవరైనా బావిలో దోసిలి పట్టి తాగితే, "మీ ఇంట్ల వడగట్టరారా?" అని మిగతావాళ్ళం ఎగతాళి చేసేవాళ్ళం. మేకలు కాసేవాళ్ళు కూడా నడుముకు బట్టముక్క చెక్కుకొని తిరిగేవాళ్ళు.

ఈ సంబరంలో కూడా నర్సమ్మ ఒక మాట అందరినీ చావడి దగ్గర కూర్చోబెట్టి చెప్పింది. "ఈ ఏడు గూడ కొందరికి కురుపు లేస్తది. అది నిరుడు తాగిన నీళ్ళది. ఏడాది సంది ఒంట్లనే ఉన్నది. ఇప్పుడు వడగట్టినంత మాత్రాన అది పోదు. అప్పుడు నన్ను తిట్టకుండ్రి. వచ్చే ఏడు లేస్తే తిట్టుండ్రి, కొట్టుండ్రి, నేనే వచ్చి నిలబడ్త." జనం తలలూపారు. ఎంతమంది విన్నారో నాకు తెలియదు.

మృగశిర కార్తె వచ్చింది. తొలివాన పడింది. నాగలి సర్దుతున్న నాయన ఒక ఉదయం పిక్క పట్టుకొని కూర్చున్నాడు. నేను పరుగెత్తుకుపోయి చూశాను. అదే బొబ్బ.

ఆ రోజు మా ఇంట్లో పొయ్యి వెలగలేదు. భూమి గల పెద్దాయన సాయంత్రం వచ్చి అరుగు మీద కూర్చొని, చెడ్డమనిషి కాదు గానీ, చెప్పాల్సింది చెప్పాడు. "రెండేండ్లాయె. నా చేను గూడ బీడువడుతున్నది. ఈ పాలి నీ బామ్మర్దులతోని ఎంత అయితే గంత విత్తించు. వచ్చే ఏరువాకకు నువ్వు నాగలి పట్టకుంటే మాత్రం ఇంకొకలకు ఇస్త. నన్ను ఏమనకు." నాయన తల దించుకొని సరే అన్నాడు. భూమి పోతే ఊరు విడిచి వలస పోవాలి. ఇక బడి మాట ఎవరు ఎత్తుతారు?

పెద్దమ్మకు దొరక్క దొరక్క దొరికింది. గోడ అవతల నుంచి గొంతు పెంచి అంది. "ఏంది అత్తా, పసుపుదారం గట్టి, పచ్చంచు కుట్టి వడగట్టి తాపిస్తివి. ఊర్ల అందరికంటె ముంగట నీ కొడుకుకే లేచె! ఈ పూటనే నా బట్ట చించి పొయ్యిల వెడ్త."

నర్సమ్మ వచ్చేసరికి వీధంతా ఆమె మీద పడింది. ఆమె నేరుగా మా ఇంట్లోకి వచ్చి నాయన కాలు కడిగి, మందు పెట్టి, పురుగు కొసను పుల్లకు చుట్టి, కట్టు కట్టింది. కాలు మానేదాకా బావి మెట్టు తొక్కనని ఆయన చేత మాట తీసుకుంది. నాయన ఆ నొప్పిలోనే నవ్వాడు. "తొక్కుడెక్కడిదమ్మా? నా పాదానికి తీగ మొలిచింది, పందిరెయ్యాలె" అన్నాడు. అవ్వ మాత్రం నవ్వలేదు. వాకిట్లో నర్సమ్మ చెయ్యి పట్టుకొని, "బిడ్డా, నా ఇజ్జత్ ఊరి ముంగట పెట్టిన. నిజం జెప్పు, ఇది నిరుటిదేనా?" అని అడిగింది.

"నిరుటిదే అవ్వా. నీ కొడుకు మీద ఒట్టు వెయ్యను గాని, నేను ఒక్కపొద్దున్న రోజాల మీద వేస్త."

సరిగ్గా అప్పుడే పక్కింట్లోకి చుట్టాలొచ్చారు. పెద్దమ్మ వియ్యపురాలు, ఇంకా ఎవరో. బట్ట చించి పొయ్యిలో పెడతానన్న మాట ఇంకా గాలిలోనే ఉంది. మేమందరం గోడ మీదుగా చూస్తున్నాం. పెద్దమ్మ బిందె పట్టుకొని గుమ్మంలోకి వచ్చింది. ఒక్క నిమిషం నిలబడింది. వియ్యపురాలు కుండ మూతి వైపు చూసింది. పెద్దమ్మ గిరుక్కున లోపలికి పోయి, ఎర్రంచు బట్ట తెచ్చి, కుండకు బిగించి, నీళ్ళు వడగట్టింది.

మా అవ్వ ఆ సంవత్సరంలో మొదటిసారి పెద్దమ్మను ఏమీ అనలేదు. అప్పటికి నాకు అర్థమైంది. రోగానికి భయపడి వడగట్టినవాళ్ళైతే నాయన కాలు చూసిన రోజే మానేసేవాళ్ళు. మా ఊరు ఇజ్జత్ కోసం వడగడుతోంది. దాన్ని మానడం ఎవరి తరమూ కాదు. నర్సమ్మ మాకు మందు ఇవ్వలేదు, భయమూ ఇవ్వలేదు. మేము పోగొట్టుకోవడానికి ఇష్టపడని దాంట్లో తన పనిని కలిపి పెట్టింది. అంతకుముందు గాజుగ్లాసుతో కానిది ఒక చాయ గ్లాసు దగ్గర అయింది.

ఆ ఏడాది మెల్లగా గడిచింది. మామలు విత్తిన చేను అరకొరగా పండింది. బావికి గిలక పెట్టించారు, నీళ్ళలో కాలు పెట్టాల్సిన పని తప్పింది. మళ్ళీ ఎండాకాలం వచ్చింది. నర్సమ్మ అప్పటికి నిండుచూలాలు. అయినా వచ్చి ఇల్లిల్లూ తిరిగి అందరి కాళ్ళూ చూసింది. నేను రోజూ నిద్ర లేవగానే నాయన మంచం దగ్గరికి పోయి, దుప్పటి పక్కకు తీసి, పాదాల నుంచి మోకాళ్ళ దాకా చూసేదాన్ని. నాయన కళ్ళు తెరవకుండానే, "ఏం లేదు బిడ్డా, పో" అనేవాడు. ఆయన కూడా మేలుకొనే ఉండేవాడు.

మబ్బు పట్టింది. వాన పడింది. నేల తడిసిన వాసన ఊరంతా నిండింది. మా నాయన ఎడ్లను కట్టుకొని, నాగలి భుజాన వేసుకొని, గుమ్మం దాటి, వీధి మధ్యలో నడిచి చేనుకు పోయాడు. చెప్పులు లేని ఆ కాళ్ళు బురదలో ఒక్కొక్కటిగా దిగి లేస్తుంటే అమ్మ గుమ్మంలో నిలబడి ఏడ్చింది. ఒక్క మా ఇంట్లోనే కాదు, ఆ ఉదయం మా వీధిలో మంచంలో మిగిలిన మగవాడు లేడు. కురుపు లేచిన ఇల్లు ఎక్కడైనా ఉందా అని ఊరంతా వెతుక్కుంది. లేదు. పొద్దెక్కాక చేలన్నీ నాగళ్ళతో నిండిపోయి, ఒకరిని ఒకరు కేకలేసి పిలుచుకుంటుంటే పండుగలాగే అనిపించింది. భూమి గల పెద్దాయన గట్టు మీదికి వచ్చి, సాలు పట్టి పోతున్న నాయనను చాలాసేపు చూసి, కౌలు మాట ఎత్తకుండా, "విత్తనాలు సాలుతయా?" అని మాత్రం అడిగి వెళ్ళిపోయాడు.

నర్సమ్మ ఆ రోజు వచ్చినప్పుడు పెద్దమ్మే ఎదురుపోయింది. "తిట్టుమన్నవ్, కొట్టుమన్నవ్ గదా, రా, కొడ్త రా!" అంటూ ఆమె బుగ్గలు పుణికి మెటికలు విరిచింది. మా అవ్వ ఆమెను అరుగు మీద కూర్చోబెట్టి ఒడి నింపింది. కడుపుతో ఉన్న ఆడబిడ్డకు పుట్టింటివాళ్ళు చేసినట్టు చేసింది. నర్సమ్మ ఇంటికి పోయేటప్పుడు సంచీ మోయలేకపోతుంటే మా మేనమామ ఎడ్లబండి కట్టాడు. ఎన్నో నెలలు ఎర్రటెండలో కాళ్ళీడ్చుకుంటూ వచ్చిన దారిలో ఆమె జొన్నల మూటల మధ్య కూర్చొని రాణిలా వెళ్ళింది. పిల్లలం ఊరి పొలిమేర దాకా బండి వెంట అరుస్తూ పరుగెత్తాం.

మరునాడు నాయనే నా చెయ్యి పట్టుకొని బడికి తీసుకుపోయాడు. నా ఈడువాళ్ళు పై తరగతికి పోయారు, నేను చిన్నపిల్లల మధ్య చివరి వరుసలో పొడుగ్గా కూర్చున్నాను. నాకేమీ సిగ్గనిపించలేదు. ఏడో తరగతితో మా ఊరి బడి అయిపోయింది, నా బడి చదువూ అయిపోయింది. పెళ్ళై వనపర్తి వచ్చాక గ్రంథాలయమే నా పైచదువు. అక్కడే ఒక రోజు, ఆ పురుగు మన దేశంలోనే లేకుండా పోయిందని చదివాను. ఆ పేజీ మీద చెయ్యి పెట్టుకొని కాసేపు కూర్చున్నాను. అందులో పెద్ద పెద్ద పథకాల సంగతులు ఉన్నాయి. మా ఊళ్ళో ఆ పని ఎలా అయిందో నాకు తెలుసు కాబట్టి, మిగతా ఊళ్ళలో ఎవరెవరు ఏ అరుగుల మీద కూర్చొని ఏం చేసి ఉంటారో ఊహించుకున్నాను.

ఇప్పుడు మా వీధిలో ఆశా కార్యకర్తగా పనిచేసే అమ్మాయి ఒకతె ఉంది. బీపీ మాత్రలు వేసుకోమంటే ముసలివాళ్ళు వినడం లేదనీ, పరీక్షకు రమ్మంటే మగవాళ్ళు మొహం చాటేస్తున్నారనీ అప్పుడప్పుడు నా దగ్గర కూర్చొని విసుక్కుంటుంది. వాళ్ళకు తెలివి లేదంటుంది. తెలివి సంగతి తర్వాత చూద్దాం, వాళ్ళు నలుగురిలో తలెత్తుకునేది దేన్ని చూసుకొని, అది కనుక్కొని రా అంటాను. మొన్న ఒక మొండి తాతను వీధి ముసలివాళ్ళందరికీ పెద్దమనిషిగా నిలబెట్టి, ఆయన చేతనే మిగతావాళ్ళను పరీక్షకు పిలిపించిందట. అందరికంటే ముందు ఆయనే చెయ్యి చాపాడట. ఆ సంగతి చెబుతున్నప్పుడు ఆ పిల్ల కళ్ళు మెరిశాయి.

నేనూ అంతే. కోడలికి చెప్పినా, మనవడికి చెప్పినా, నోటి దాకా వచ్చిన మంచిమాటను ఒక్క క్షణం ఆపుకొని ఎదుటి మనిషి ఇజ్జత్ ఎక్కడుందో వెతుకుతాను. అది దొరికిన రోజున నేను పెద్దగా చెప్పాల్సిన పని ఉండదు. తమ మాటే అనుకొని వాళ్ళే అందరికంటే ముందు నడుస్తారు.